తాడు పట్టిన చేతికి వాటా

‘పాపం’ అనే మాటంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మంట. నన్ను చూసి ఎవరైనా ఆ మాటన్నారంటే చిన్నా పెద్దా చూడకుండా నాలుగూ దులిపేస్తాను. ఇంత వయసొచ్చినా ఆ దురుసుతనం పోలేదు. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, “దీని కాళ్ళల్లో పోయిన బలమంతా నాలిక్కెక్కింది” అనేది. అలా అనేదే గానీ, ఊరు మొత్తం మీద నన్ను చూసి ఎక్కువసార్లు పాపం అన్నది కూడా ఆవిడే.

మాది నెల్లూరికి పడమటగా వరి పండించే ఊరు. నాకు నడక వచ్చి, పరుగు ఇంకా రాకముందే జ్వరం తగిలి రెండు కాళ్ళూ పడిపోయాయట. పోలియో అనే పేరు అప్పటికి మా ఊరిదాకా రాలేదు. ఎవరి దిష్టో తగిలిందన్నారు, గాలి సోకిందన్నారు, చివరికి అలవాటు పడిపోయారు. నేను అరచేతులు నేలకి ఆనించి ఒళ్ళు ఈడ్చుకుంటూ ఇల్లంతా తిరిగేదాన్ని. నన్ను ఒక్కరూ కసిరేవారు కాదు. అన్నం ముందు నాకే పెట్టేవారు. గడ్డపెరుగు నాకే వేసేవారు. పని మాత్రం ఒక్కటీ చెప్పేవారు కాదు. బియ్యంలో రాళ్ళు ఏరతానని చేట దగ్గరికి లాక్కుంటే అవ్వ గబుక్కున లాగేసుకునేది. కాళ్ళు లేని బిడ్డ చేత పని చేయిస్తే తమకు పుట్టగతులుండవనేది.

కోతల రోజుల్లో ఇంకా కష్టంగా ఉండేది. కోసిన మడిలో జారిపడిన వెన్నులు ఏరుకోవడాన్ని పరిగె అంటాం. ఆ వెన్నులు ఏరుకున్న పిల్లలవే, పొలం గలవాళ్ళు కూడా అడగరు. పిల్లలంతా ఒడి నింపుకుని అంగడికి పోయి బొరుగులుండలు తెచ్చుకునేవారు. మా అక్కా తమ్ముడూ వాళ్ళ దాంట్లోంచి నాకు అడక్కుండానే పెట్టేవారు. ఆ ఉండ నోట్లో పెట్టుకోగానే నాకు ఏడుపు తన్నుకొచ్చేది. పెట్టినా ఏడుస్తావేమే అని అమ్మ విసుక్కునేది. ఎందుకేడుస్తున్నానో చెప్పడం నాకూ వచ్చేది కాదు.

మా నాయన మాట తక్కువ మనిషి. ఆయనకి ఒక భయం ఉండేది. నెల్లూరు బస్టాండు దగ్గర కాళ్ళు పడిపోయిన ఆడమనిషి ఒకామె గోనెపట్టా మీద కూర్చుని, వచ్చేపోయేవాళ్ళకి చెయ్యి చాపుతూ ఉండేది. నన్ను ఆసుపత్రికి తీసుకుపోయిన ప్రతిసారీ నాయన ఆమె ఎదురుగా నడవకుండా, నన్ను భుజాన వేసుకుని రోడ్డు దాటి చుట్టూ తిరిగిపోయేవాడు. ఒకనాడు వసారాలో అమ్మతో, తను పోయాక నా గతీ అదే గదా అంటుంటే విన్నాను. ఆ తర్వాత చాలారోజులు నాకు ఆ గోనెపట్టా కలలోకి వచ్చేది.

ఆ ఆసుపత్రి డాక్టరమ్మ నా కాళ్ళకి ఇనుప పట్టీల బూట్లు చేయించి, చంకకర్రలు ఇప్పించింది. నయా పైసలు వచ్చి కొన్నేళ్ళయినా మా అవ్వ ఇంకా అణాల్లోనే లెక్క చెప్పే రోజులవి. ఒక వేసవిలో డాక్టరమ్మ మాలాంటి పిల్లలందర్నీ పోగుచేసి మైపాడులో సముద్రం ఒడ్డున కొన్నాళ్ళు ఉంచుతామంది. అక్కడి బడికి ఎలాగూ సెలవులు గనక అందులోనే విడిది. సముద్ర స్నానం, ఇసుకలో కసరత్తు, నడక నేర్పడం. అంతటితో ఆగకుండా, ఈ పిల్ల బుర్ర చురుకైంది, సెలవులయ్యాక నెల్లూరు ఆడపిల్లల బడిలో చేర్చండి, అక్కడే హాస్టలుంది అని కూడా చెప్పింది. అప్పటికే నేను అక్క పుస్తకాలు దగ్గర పెట్టుకుని చదవడం, రాయడం నేర్చేసుకున్నాను. నాయన ఏమంటాడా అని ఆయన మొహంలోకి చూశాను.

ఆయన నేల చూపులు చూస్తూ, “నిలబడి నాలుగడుగులేస్తే చూద్దాం తల్లీ. పాక్కుంటా పొయ్యే బిడ్డని పరాయి చోట ఎట్టా ఇడిసిపెట్టేది?” అన్నాడు.

అంతే, నా బడి ఆ నాలుగడుగుల మీద పడింది. నన్ను మైపాడులో దించినప్పుడు నాయన నాతోపాటు మొలగొలుకుల బియ్యం మూట ఒకటి కూడా దించాడు. ఇక్కడ పిల్లలకి తిండి ఉచితమే, ఇవన్నీ ఎందుకని డాక్టరమ్మ నవ్వింది. నా బిడ్డ ఊరికే తినదమ్మా అని మూట వంటసాలలో పెట్టి మరీ వెళ్ళాడు.

పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఒక్కోసారి చిన్న సంగతి మరిచిపోతారు. ఇనుప బూట్లేసుకుని, చంకకర్రల మీద, ఇసుకలో నడవాలి మేము! కర్ర మోపితే మూరెడు లోపలికి దిగేది. దాన్ని పెరికేలోగా రెండోది దిగేది. ఎండకి బూటు ఇనుము కాలి పిక్క చురుక్కుమనేది. పొద్దున కసరత్తు అయ్యేసరికి మేమంతా తలో పక్క పడి ఉండేవాళ్ళం. తర్వాత ఆ నడకేదో బడి వసారాలో గచ్చు మీద నేర్పడం మొదలెట్టారు. సాయంత్రాలు బూట్లు విప్పి ఇసుకలో వదిలేసేవారు. బూట్లు లేకపోతే మమ్మల్ని పట్టేవాళ్ళుండేవారు కాదు. పాకేవాళ్ళు పాకుతూ, దొర్లేవాళ్ళు దొర్లుతూ అలల దాకా పోయేవాళ్ళం. అక్కడ పాపం అనేవాళ్ళు లేరు. అందరం ఆ బాపతే గదా, ఎవర్ని ఎవరు అంటారు?

నా పక్క చాప పిల్లకి పుట్టుకతోనే చూపు లేదు. నా ఈడుదే. మేమిద్దరం కనబడగానే చూడవచ్చిన ప్రతి పెద్దమనిషీ, గుడ్డివాడి భుజమెక్కి కుంటివాడు దారి చెప్పిన కథ చెప్పి మా తల నిమిరి పోయేవాడు. విని విని చిరాకెత్తి ఒకనాడు నిజంగానే దాని వీపెక్కాను. నేను కుడి పక్కకి పోవే అంటుండగానే అది ఎండ్రకాయ బొరియలో కాలు పెట్టింది. ఇద్దరం బోర్లా పడి నోటినిండా ఇసుక. “కథ చెప్పినోణ్ణి తీసుకొచ్చి ఈడ నడిపించాల” అని అది ఉమ్మేస్తూ అంటే, పొట్ట పట్టుకుని నవ్వాను. ఆ తర్వాత ఆ కథ చెప్పిన వాళ్ళెవరి దగ్గరా మేము తల వంచలేదు.

వల సంగతి ముందు దానికే తెలిసింది. మా విడిదికి కాస్త అవతల తెల్లవారితే చాలు మనుషులు ఒక్క గొంతుతో ‘ఏలో ఏలేలో’ అనడం దానికి వినబడేది. అదేమిటో చూసి చెప్పవే అని నా ప్రాణం తీసింది. పాక్కుంటూ పోయాను, అది నా వెనకే నా మాట పట్టుకుని వచ్చింది. ఒడ్డున జనం రెండు వరసలుగా నిలబడి రెండు తాళ్ళు లాగుతున్నారు. పడవ వాళ్ళు సముద్రంలో పెద్ద వల చుట్టూరా వేసి, రెండు కొసల తాళ్ళు ఒడ్డుకి తెస్తారు. ఆ తాళ్ళు లాగడానికి ఊళ్ళో ముసలీ ముతకా, పిల్లా జెల్లా అందరూ వస్తారు.

తాడు వెనక కొసన ఒక ముసలమ్మ ఉండేది. నల్లటి మనిషి, నోట్లో ఎప్పుడూ పొగాకు, గొంతు మాత్రం సముద్రం మీద కూడా వినబడేంత పెద్దది. లాగిన వాళ్ళకి చేపలు పంచేది ఆమే. నన్ను చూసి పాపమంటుందని నాలుక నూరుకుని సిద్ధంగా ఉన్నాను. ఆమె నా మొహం కూడా చూడలేదు. నా చేతులు చూసింది. పుట్టిన దగ్గర్నుంచీ ఒంటి బరువంతా మోసిన చేతులు గదా, భుజాలు గట్టిపడి ఉండేవి. “ఊరికే కూసున్నావేందే, తాడు పట్టు” అంది.

పట్టాను. వల బరువుకి తాడు ఒక్క గుంజు గుంజితే నన్ను పొట్ట మీద ఈడ్చుకుపోయింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముసలమ్మ తిట్టుకుంటూ వచ్చి ఇసుకలో గుంట తవ్వి, నన్ను అందులో కూర్చోబెట్టి, నడుం దాకా తడి ఇసుక కప్పి కాళ్ళతో తొక్కింది. ఇక తాడు నన్ను కదిలించలేకపోయింది. ఏలో అన్నప్పుడు లాగడం, ఏలేలో అన్నప్పుడు పట్టు మార్చుకోవడం. నా పక్కన నా స్నేహితురాలు నిలబడి లాగింది. పాటలో పట్టు తప్పనిది ఆ వరస మొత్తంలో అదొక్కతే.

వల ఒడ్డెక్కింది. కానగంత చేపలూ నెత్తళ్ళూ తళతళ కొట్టుకుంటున్నాయి. వల గలవాళ్ళ భాగం, పడవ వాళ్ళ భాగం తీసేశాక, ముసలమ్మ మిగిలిన చేపల్ని చేటలో పోసుకుని లాగిన వాళ్ళ ముందు కుప్పలు పెడుతూ వచ్చింది. నా ముందూ ఒక కుప్ప పెట్టింది. నా అంతట నేను, నాకెందుకులే అవ్వా అన్నాను. ఆమెకి కోపం వచ్చింది. తాడు పట్టిన చేతికి వాటా, వద్దనడానికి నువ్వెవరు, ఇవ్వడానికి నేనెవరు, పట్టుకుపో అని కసిరింది. నన్ను జన్మలో ఎవరైనా కసరడం అదే మొదలు. ఒడి నింపుకుని విడిదికి వస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉందో! ఆ పూట వంటామె మామిడికాయ వేసి పులుసు పెట్టింది. విడిది మొత్తం నా చేపలు తిన్నది.

డాక్టరమ్మ ముందు కంగారుపడింది గానీ, చేతులకి మంచి కసరత్తేనని ఒప్పుకుంది. రోజూ పోయేవాళ్ళం. ఒకనాడు నాకు ఒళ్ళు వెచ్చబడింది. తాడు పట్టకుండా ఊరికే పక్కన కూర్చున్నాను. ముసలమ్మ పంచుకుంటూ వచ్చి నన్ను దాటి వెళ్ళిపోయింది. నాకేదవ్వా అన్నాను. “తాడు పట్టినావా? లేదు గదా. రేపు పట్టు, రేపు తీసుకో” అంది. నాకు ముందు భగ్గున కోపం వచ్చింది. మరుక్షణం ఏదో పట్టరాని సంతోషం. నాకు లేదు అన్నారు! అడక్కముందే పెట్టేవాళ్ళ మధ్య పెరిగినదాన్ని, ఒకరు నాకు లేదనడం ఎంత గొప్ప మర్యాదో నాకు ఆ పూట తెలిసింది.

నడక మాత్రం రాలేదు. వసారా గచ్చు మీద లేచి నిలబడడం వచ్చింది. ఒక అడుగు పడేది, రెండోదానికి నడుం తూలేది. నాయన వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ నాకు అన్నం సయించలేదు. నాలుగడుగులు, నాలుగే అడుగులు అని జపం చేసేదాన్ని. ఏ దేవుడికి ఎన్ని టెంకాయలు మొక్కానో నాకే తెలీదు.

ఆయన చెప్పిన రోజుకంటే ముందే వచ్చాడు. అదీ పొద్దున్నే, సరిగ్గా చేపలు పంచే వేళకి. పిల్ల ఎక్కడంటే వంటామె సముద్రం వైపు చెయ్యి చూపింది. ఆయనకి కనబడింది ఇది: కూతురు నడుం దాకా ఇసుకలో ఉంది. ఇనుప బూట్లు లేవు, చంకకర్రలు లేవు. రెండు అరచేతులూ ముందుకు చాపి ఉన్నాయి. ఎవరో ముసలిది వాటిలో చేపలు పోస్తోంది.

నేను నాయనా అని అరిచాను సంతోషంగా. ఆయన మొహం మాడిపోయి ఉంది. దగ్గరికొచ్చి నా చేతుల్లో చేపలు తోసేసి, ఇసుకలోంచి నన్ను పెరికి భుజాన వేసుకున్నాడు.

“ఇందుకా నిన్ను ఈడికి పంపింది? నేను బతికుండంగానే చెయ్యి చాపతా ఉండావా? పా ఇంటికి. బడీ వద్దు, ఏమీ వద్దు” అన్నాడు.

నాకు ఏడుపే వచ్చింది. నాకు, నాలుగూ దులిపేసేదానికి! ముసలమ్మ చేట కింద పెట్టి దారికి అడ్డంగా వచ్చి నిలబడింది.

“ఏందయ్యా నువ్వు? దానమిచ్చేంత కలిగినోళ్ళలాగా కనబడతా ఉండామా మేము? ఆ బిడ్డ చెయ్యి తిప్పి చూడు” అంది.

నాయన కదల్లేదు. ఆమే నా చెయ్యి పట్టుకుని తిప్పి ఆయన కళ్ళ ముందు పెట్టింది. అరచేతికి అడ్డంగా తాడు కోసిన గాట్లు, కొన్ని మానినవి, కొన్ని ఉప్పునీటికి ఎర్రగా చీరుకున్నవి. వేళ్ళ మొదట్లో కాయలు. నాయనకి కాయలంటే తెలుసు. నాగలి మేడి పట్టిన మనిషి. ఆ కాయలు బొటనవేలితో తడిమి చూశాడు. “వల లాగినావా నువ్వు?” అన్నాడు, నమ్మలేక. లాగాను నాయనా, రోజూ లాగుతున్నాను, ఇది నా వాటా అని ఏడుస్తూ చెప్పాను. ఆయన నన్ను మెల్లగా ఇసుకలో దించాడు. చెల్లాచెదరైన చేపల్ని వంగి ఒక్కొక్కటే ఏరి, ఇసుక దులిపి, నా ఒళ్ళో పెట్టాడు. ముసలమ్మకి దణ్ణం పెట్టబోతే ఆమె అప్పటికే తర్వాతి మనిషి దగ్గరికి పోయింది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ వసారాలో నన్ను నిలబెట్టింది. నాయన ఎదురుగా గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఒక అడుగు వేశాను. రెండోది వేస్తూ దబ్బున పడ్డాను. డాక్టరమ్మ ఇంకొంచెం కాలం పట్టచ్చని ఏదో చెబుతోంది. నాయన వచ్చి నన్ను ఎత్తుకున్నాడు. అవునని గానీ కాదని గానీ ఒక్క మాట అనలేదు. నా బడి అక్కడితో సరి అనుకున్నాను. నా స్నేహితురాలు చీకట్లో నా మొహం తడిమి, తడి తగిలి, తన చీటిగుడ్డ గౌను అంచుతో తుడిచింది.

తెల్లవారి ఏలేలో వినబడగానే నాయన నన్ను భుజాన వేసుకుని తనే అటు నడిచాడు. గుంట తనే తవ్వి, నన్ను కూర్చోబెట్టి, ఇసుక కప్పి తొక్కాడు. తర్వాత పైపంచె నడుముకి చుట్టి నా వెనక తాడు పట్టాడు. లాగడం రాలేదు పాపం ఆయనకి. చూశారా, ఆ మాట నేనూ అన్నాను! మాట వినని ఎద్దుని గుంజినట్టు ఒకటే గుంజుడు. పాటని బట్టి లాగాలయ్యా అని ముసలమ్మ కేకలేసింది. నేను వెనక్కి తిరిగి, ఏలో అన్నప్పుడు నాయనా, ఏలో అన్నప్పుడు అని నేర్పాను. వల ఒడ్డెక్కాక ముసలమ్మ ఇద్దరి ముందూ ఒక్కో కుప్ప పెట్టింది. రెండూ సమానమే. తను పెద్దగా లాగలేదని నాయన నసిగితే, చేతికి వాటా గానీ గుంజుడికి కాదంది.

రెండు వాటాలూ తాటాకు బుట్టలో పోసుకుని బస్సెక్కాం. నెల్లూరు బస్టాండులో దిగి నన్ను భుజాన వేసుకుని నడుస్తూ, నాయన ఈసారి రోడ్డు దాటలేదు. ఆ గోనెపట్టా ముందునుంచే నడిచాడు. ఒక నిమిషం ఆగి, ఆమెని బాగున్నావా అమ్మా అని అడిగాడు.

ఇంటికి చేరి పులుసు ఉడికేసరికి మధ్యాహ్నం దాటింది. అవ్వ ఎప్పటిలాగే ముందు నా కంచం తీసింది. “ఆగమ్మా. ఈ పూట అది వడ్డిస్తాది. దాని కష్టం అది” అన్నాడు నాయన. గరిటె నా చేతికొచ్చింది. కూర్చున్న చోటు నుంచే అందరికీ వేశాను. అవ్వకి తల ముక్క వేశాను. ఆవిడ ముళ్ళు తీసుకుంటూ తలవంచుకుని తిన్నది. మర్నాడు పొద్దున చేట నా పక్కన పెట్టి, మారుమాట లేకుండా బియ్యం పోసి వెళ్ళింది. అంతా బాగానే ఉంది గానీ, బడి మాట ఎవరూ ఎత్తలేదు. అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు.

తొలకరి పడి దుక్కులు మొదలైన రోజుల్లో నాయన ఒకనాడు అరక కట్టకుండా తెల్లచొక్కా వేసుకున్నాడు. నన్ను భుజాన వేసుకుని నెల్లూరు బస్సెక్కాడు. ఆసుపత్రికనుకున్నాను. ఆసుపత్రి సందు దాటిపోయాం. ఆడపిల్లల బడి గేటులోకి పోయాం. బల్ల అవతల కూర్చున్న పెద్ద పంతులమ్మ నా కాళ్ళ వంకా బూట్ల వంకా చూసి, జాలిగానే, నడవగలదా అని అడిగింది.

నేను తల దించేసుకున్నాను. నాలుగడుగులు రాలేదు, ఇప్పుడేం చెబుతాడు? నాయన నా కుడిచేయి పట్టుకుని, అరచేయి పైకి తిప్పి, ఆమె బల్ల మీద పెట్టాడు.

“నడక రాదమ్మా,” అన్నాడు. “వల లాగతాది.”